అక్వేరియానికీ ఒక మత్తడి

అక్వేరియం కింద సంపు, అంటే పై తొట్టి నుంచి దిగిన నీళ్లను పంపు మళ్లీ పైకి ఎక్కించే రెండో తొట్టి, పెట్టాలనుకునే వాళ్లందరికీ మొదట వచ్చే అనుమానం ఒక్కటే: పైకి ఎక్కే నీళ్లూ, కిందికి దిగే నీళ్లూ లీటరు తేడా లేకుండా ఎలా సరిపోతాయి? కొందరు తెలివిగా రెండు పంపులు కొంటారు, ఎక్కించడానికి ఒకటి, దించడానికి ఒకటి. ఆ పని మాత్రం చేయొద్దు. ఒకే కంపెనీ పంపులైనా, డబ్బాల మీద ఒకే అంకె ఉన్నా, గంటకు 3,000 లీటర్ల దగ్గర నూటికి ఒక వంతు తేడా అంటే 30 లీటర్లు. మనం ఎనిమిది గంటలు పడుకొని లేచేసరికి 240 లీటర్లు. నాలుగడుగుల తొట్టిలో పట్టే నీళ్లన్నీ కలిపితే దాదాపు అంతే! ఈలోపు ఏదో ఒక వైపు నీళ్లు నేల మీదికి వస్తాయి.

నల్లగొండ వాళ్లకు ఈ చిక్కు విప్పి చెప్పడం తేలిక. ఊరి పక్కనే పానగల్లు ఉదయసముద్రం ఉంది, కందూరు చోడుల నాటి చెరువు. ఇప్పుడు అది బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. పుట్టంగండి దగ్గర పంపులు ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు కాలువ వెంట వచ్చి అందులో చేరతాయి. చెరువు కట్టేవాళ్లు వాగులో ఎన్ని నీళ్లొస్తాయో కొలిచి, అన్నే బయటికి పోయేలా తూము తిప్పుతూ కూర్చోరు. కట్టకు ఒకచోట మత్తడి పెడతారు, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అంచు. వరద సన్నగా ఉంటే మత్తడి సన్నగా దూకుతుంది, ఎక్కువైతే మందంగా దూకుతుంది. అక్వేరియంలో ఓవర్‌ఫ్లో అంచు, అంటే నీళ్లు పక్కనున్న చిన్న గదిలోకి పొర్లే అంచు, చేసే పనీ ఇదే. పంపు ఎంత పోస్తే, ఆ అంచు అంతే వదులుతుంది.

ఈ దూకుడుకు ఒక లెక్క ఉంది. 1850లలో అమెరికాలోని లోవెల్ పట్టణంలో, మిల్లు కాలువల మీద ప్రయోగాలు చేసి జేమ్స్ ఫ్రాన్సిస్ తేల్చిన లెక్క అది. అంచు మీద నీటి మందం నాలుగింతలైతే ప్రవాహం ఎనిమిదింతలవుతుంది. 30 సెంటీమీటర్ల అంచు మీదుగా గంటకు 3,000 లీటర్లు పోవాలంటే నీళ్లు దానికి సుమారు 13 మిల్లీమీటర్ల పైన నిలుస్తాయి. పంపును రెండింతలు చేస్తే 26కు పోవు, 21 దగ్గరే ఆగుతాయి. పంపు వేగం కొంచెం అటూ ఇటూ అయినా మన కంటికి తేడా కనిపించదు.

అసలు తంటా అంచు దాటాక, ఆ గది నుంచి సంపులోకి దిగే పైపులో మొదలవుతుంది. పైపులో నీళ్లూ గాలీ కలిసి దిగితే గడగడమని ఒకటే చప్పుడు. పడక గదిలో పెట్టుకుంటే నిద్ర ఉండదు. అందుకే పైపు నోరు పూర్తిగా ముంచి, దానికి పెట్టిన వాల్వును కొంత బిగించి, గాలి దూరకుండా నిండుగా పారిస్తారు. చప్పుడు పోతుంది. దాంతోపాటు సర్దుకునే గుణం కూడా చాలావరకు పోతుంది. నిండు పైపులో ప్రవాహం ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. నీళ్లు 80 సెంటీమీటర్లు దిగుతున్నాయనుకోండి. పైన మట్టం ఒక సెంటీమీటరు పెరిగినా ప్రవాహం పెరిగేది నూటికి 0.6 వంతే. వాల్వు కాస్త ఎక్కువ బిగించి ప్రవాహం నూటికి ఐదు వంతులు తగ్గిందా, ఆ లోటు పూడాలంటే ఓవర్‌ఫ్లో గదిలో నీళ్లు దాదాపు 9 సెంటీమీటర్లు పైకి రావాలి. అంత జాగా ఉంటే సరే, లేకపోతే పొర్లుతుంది. వాల్వు వదులైతే గాలి దూరి మళ్లీ గడగడ.

దీనికి మందు రెండో పైపు. దాని నోరు మొదటిదానికన్నా ఎత్తులో ఉంటుంది, దానికి వాల్వు ఉండకూడదు. నీళ్లలో ఎక్కువ భాగం మొదటి పైపులో నిశ్శబ్దంగా దిగుతాయి, మిగిలిన చారెడు రెండోదాని అంచు మీదుగా జారతాయి. అంటే అక్కడ ఇంకో చిన్న మత్తడి పెట్టినట్టే. మొదటి పైపులో నత్త ఇరుక్కున్నా, ఆకు అడ్డం పడ్డా నీళ్లకు దారి ఉండాలంటే ఈ రెండోది మొత్తం ప్రవాహాన్ని మోయగలిగేంత లావుండాలి. నన్నడిగితే మూడో పైపు కూడా పెట్టుకోవడమే మేలు. పీవీసీ ముక్కకు ఎంతవుతుంది? మొదటి పైపుకు గేట్ వాల్వే కొనండి. బాల్ వాల్వు పావు చుట్టులోనే పూర్తిగా మూసుకుంటుంది, వెంట్రుకవాసి సర్దుబాటు దానితో కుదరదు.

ఇక కరెంటు పోవడం. పంపు ఆగగానే అంచు పైనున్న నీళ్లన్నీ సంపులోకి దిగుతాయి. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న తొట్టిలో ఒక్క సెంటీమీటరు అంటే 5.4 లీటర్లు. 13 మిల్లీమీటర్లకు 7 లీటర్లు. దానికి భయం లేదు. భయపడాల్సింది పంపు పైపుతో. దాని మూతి నీళ్లలో 10 సెంటీమీటర్ల లోతున ఉంటే, ఆగిన పంపు గుండానే నీళ్లు వెనక్కి సైఫన్ అవుతాయి, అంటే వాటంతటవే పైపు వెంట కిందికి లాక్కుపోతాయి. అలా 54 లీటర్లు దిగిపోతాయి. నీటి మట్టానికి కాస్త కిందుగా ఆ పైపుకు చిన్న రంధ్రం వేస్తే, మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది. కొత్త సంపు పెట్టిన రోజే మనమే స్విచ్ ఆపి చూడాలి. నీళ్లు ఎక్కడిదాకా లేచాయో గీత గీసుకుంటే, రోజూ ఎంతవరకు నింపాలో తెలిసిపోతుంది.

మన ఎండాకాలంలో నీళ్లు ఆవిరైనా పై తొట్టిలో మట్టం తగ్గదు, సంపులో పంపు ఉన్న గదిలో తగ్గుతుంది. అందుకని రోజూ చూడాల్సింది ఆ గదినే. బోరు నీళ్లతో భర్తీ చేస్తుంటే ఇంకో చిక్కు ఉంది: ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు మిగిలిపోతాయి. ఉప్పు బోరున్న ఊళ్లలో వాల్వు లోపలా, పంపు రెక్కల మీదా తెల్లటి పొర కడుతుంది. ఆర్‌ఓ నీళ్లు పోస్తే కొంత నయం. ఎలాగూ ఆ సైఫన్ రంధ్రాన్ని మాత్రం అప్పుడప్పుడూ సూదితో పొడిచి చూడాలి, ఆ పొర మొదట మూసేది అలాంటి సన్న రంధ్రాలనే.