పండగ వంట: పొయ్యి ఆర్పిన తరువాతి గంటలు

అనంతపురం వైపు ఉగాది వచ్చేసరికే ఎండ ముదిరి ఉంటుంది. పొద్దున తలంటు స్నానం, గడపకు మామిడాకుల తోరణం, నోట్లో వేపపూత, బెల్లం. మధ్యాహ్నానికి ఓళిగలు, పప్పు ఉడికిన కట్టుతో కాచిన చారు, చిత్రాన్నం, పెసరపప్పు కోసుంబరి, వడలు. మరునాడు చాలా ఇళ్లలో మాంసం. బెంగళూరులో పనిచేసే పిల్లలు కుటుంబాలతో దిగుతారు కాబట్టి నలుగురికి వండే వంటగదిలో ఆ రెండు రోజులూ ఇరవై, ముప్పై మందికి వండాల్సి వస్తుంది. ఇలాంటి పండగలకు ఆరోగ్య సలహా అనగానే నెయ్యి తగ్గించండి, తీపి మానండి అనే మాటలే వినిపిస్తాయి. ఏడాదికి ఒకనాడు తినే రెండు ఓళిగల మీద అంత పట్టుదల చూపించి, అసలు జాగ్రత్త అవసరమైన చోటును మనం వదిలేస్తున్నామని నా అభిప్రాయం. ఆ చోటు వంటకంలో కంటే ఎక్కువగా, పొయ్యి ఆర్పిన క్షణం నుంచి ఆ వంటకం నోటికి చేరేదాకా గడిచే గంటల్లో ఉంది. మన శరీరం విషయంలోనైతే అది విస్తరి ముందు నుంచి లేచిన తరువాతి గంటలో ఉంది.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లోనే జరిగిన సంగతి ఇది. పండగనాడు పదకొండు గంటలకు పెద్ద గుండిగలో వార్చిన అన్నం మధ్యాహ్నం భోజనాలయ్యాక సగం మిగిలింది. దాన్ని మూత పెట్టి వంటగది మూలన ఉంచి, రాత్రి ఎనిమిదింటికి పోపు వేసి, నిమ్మకాయ పిండి, పిల్లలకు పెట్టారు. రాత్రి పది దాటేసరికి ముగ్గురు పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఓళిగలు ఎక్కువ తిన్నారని ఒకరు, ఎండదెబ్బ అని ఇంకొకరు, దిష్టి తగిలిందని మరొకరు అన్నారు. అవే ఓళిగలు అంతకంటే ఎక్కువ తిన్న పెద్దవాళ్లకు ఏమీ కాలేదు. రాత్రి ఆ అన్నం తిన్నవాళ్లే మంచం పట్టారు. అన్నాన్ని అనుమానించాలన్న ఆలోచన ఆ రాత్రి ఎవరికీ రాలేదు. అన్నం కంటే అమాయకమైన వంటకం మన దృష్టిలో ఇంకొకటి లేదు కదా.

తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలై, ఒక రోజులో తగ్గిపోయే ఈ జబ్బు వెనుక సాధారణంగా ఉండేది బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా. ఇది మట్టిలో బతుకుతుంది. మడి నుంచి ధాన్యంతో పాటు బియ్యంలోకి వస్తుంది. పరిస్థితులు అనుకూలించనప్పుడు ఇది గట్టి పెంకు లాంటి పొరలో ముడుచుకుని బీజరూపంలో నిద్రపోతుంది. ఆ బీజాలు ఎసరు మరిగినా చావవు. పైగా ఆ వేడి వాటిని నిద్ర లేపుతుంది. అన్నం చల్లారుతూ గోరువెచ్చని స్థితికి వచ్చినప్పుడు అవి మొలకెత్తి, పెరుగుతూ, సెరులైడ్ అనే విషాన్ని అన్నంలో విడుస్తాయి. ఈ విషానికి వాసన లేదు, రుచి లేదు, అన్నం జిగట పట్టాలన్న నియమమూ లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది వేడికి లొంగదు. 121 డిగ్రీల వేడిలో 90 నిమిషాలు ఉంచినా ఇది చెక్కుచెదరదని ప్రయోగాల్లో తేలింది. ప్రెషర్ కుక్కర్ లోపల పుట్టే వేడి దాదాపు అంతే. ఇక రాత్రి వేసే పోపు దాన్ని ఏం చేయగలదు?

మరునాటి మాంసం కథ వేరు. పెద్ద దేగిసాలో ముద్దగా ఉడికిన పొట్టేలు కూరలో చేరే బాక్టీరియా పేరు క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. దీని బీజాలు కూడా ఉడుకుకు తట్టుకుంటాయి. దీనికి గాలి గిట్టదు. కూర ఉడికేటప్పుడు అందులో కరిగి ఉన్న ఆక్సిజన్ బయటికి పోతుంది, చిక్కటి పులుసు అడుగుభాగానికి గాలి మళ్లీ సులువుగా చేరదు. అంటే మనం వండే పద్ధతే దానికి ఇల్లు కట్టి పెడుతుంది. 43 నుంచి 47 డిగ్రీల మధ్య ఇది పది నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. ఒకటి గంటలో 64 అవుతుంది, రెండు గంటల్లో 4,096, మూడు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. అటువంటి కూరను అలాగే తింటే 6 నుంచి 24 గంటల తరువాత కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు వస్తాయి. అయితే ఈ బాక్టీరియా తన విషాన్ని ముందుగా కూరలో నింపి పెట్టదు, మన పేగుల్లోకి చేరాకే విడుస్తుంది. కాబట్టి కూరను అడుగు నుంచి కలుపుతూ తెర్లించి, మధ్యభాగం కూడా 70 డిగ్రీలు దాటేలా వేడిచేస్తే పెరిగిన బాక్టీరియా చచ్చిపోయి ప్రమాదం తగ్గుతుంది. మాంసాన్ని అంత శ్రద్ధగా మళ్లీ కాచే మనం, ఆ కాచడం వల్ల ఏ మేలూ జరగని అన్నాన్ని మాత్రం నిశ్చింతగా మూలన ఉంచుతాం.

ఈ రెండింటికీ కీలకం చల్లారే వేగంలో ఉంది. 60 డిగ్రీల పైన బాక్టీరియా పెరగదు, 5 డిగ్రీల లోపు చాలావరకు నిలిచిపోతుంది. ఆ రెండింటి మధ్య ఎంతసేపు గడిచిందన్నదే లెక్క. వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇందుకే. మన దగ్గర ఏప్రిల్‌లో మధ్యాహ్నపు వంటగది నలభై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఆ రెండు గంటలను కూడా ఒక గంటగానే లెక్కపెట్టుకోవడం మంచిది. పైగా పెద్ద పాత్ర తన వేడిని ఉపరితలం నుంచే వదులుతుంది. పాత్ర పెద్దదయ్యేకొద్దీ లోపలి పదార్థం పెరిగినంతగా ఉపరితలం పెరగదు. అందుకే సోలెడు అన్నం అరగంటలో చల్లారితే, గుండిగలోని అన్నం పైన చల్లబడినా నడిమధ్యలో సాయంత్రం దాకా గోరువెచ్చగానే ఉంటుంది. మిగిలిన అన్నాన్ని, కూరను వెడల్పాటి పళ్లేల్లో రెండంగుళాల మందానికి మించకుండా పరిచి, ఫ్యాను కింద ఆవిరి పోయేదాకా ఆరబెట్టి, గంటలోపు చిన్న గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టడం ఒక్కటే నేను నమ్మే ఉపాయం. దేగిసాను ఉన్నపళంగా ఫ్రిజ్‌లోకి తోస్తే అది త్వరగా చల్లబడకపోగా, పక్కనున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి.

మన పెద్దలు ఫ్రిజ్ లేని కాలంలో ఈ సమస్యకు వేరే దారి పట్టుకున్నారు. రాత్రి మిగిలిన అన్నంలోనో సంగటిలోనో నీళ్లు పోసి, పుల్ల మజ్జిగ కలిపి ఉంచితే, మజ్జిగలోని లాక్టిక్ బాక్టీరియా ముందుగా విస్తరించి పులుపును పెంచుతుంది, ఆ పులుపులో హాని చేసే బాక్టీరియా ఎదగలేదు. పులిహోర ప్రయాణానికి పనికొచ్చేది కూడా చింతపండు పులుపు మెతుకు మెతుకుకూ పట్టడం వల్లనే. చిత్రాన్నంలో పిండే రెండు నిమ్మచెక్కలకు ఆ బలం లేదు, అదీ అన్నం తొమ్మిది గంటలు నిలిచిన తరువాత పిండితే అసలే లేదు. కజ్జికాయలు, నిప్పట్లు, అత్తిరసాలు వారాల తరబడి నిలవడం మరో సూత్రం: నూనెలో వేగినప్పుడు నీరు పోతుంది, మిగిలిన కాస్త నీటిని బెల్లం పాకం పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు తాగడానికి తడి దొరకదు. ఓళిగలోని పూర్ణం అలా కాదు. అందులో ఉడికిన పప్పు తడి ఉంటుంది, దాన్ని చేత్తో ఉండ చేసి, చేత్తో తట్టుతాం. పెనం మీద బాగా కాలిన ఓళిగ మంచిదే, కానీ ముందురోజు రాత్రే ఉండలు చేసి బయట ఉంచిన పూర్ణం మంచిది కాదు. చేతి చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫైలోకాకస్ అనే బాక్టీరియా విడిచే విషం కూడా వేడికి లొంగని రకమే. వేలికి తెగిన గాయమో చీముపట్టిన కురుపో ఉన్నవాళ్లు ఆ రోజు పూర్ణం జోలికి పోకుండా వేరే పని అందుకోవడం మేలు.

వేడికి లొంగని విషాల వరసలో మన జిల్లాకు ప్రత్యేకంగా చెప్పుకోవలసినది మరొకటి ఉంది. పొడికీ, పచ్చడికీ, ఉండలకూ మనం వాడే చెనిక్కాయల్లో, పంట చివర బెట్ట తగిలినా, పీకిన కాయ సరిగా ఎండకపోయినా ఒక బూజు చేరి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో వేల సంఖ్యలో టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు వాటి దాణాలోని వేరుశనగ పిండిలో దీన్ని గుర్తించారు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తిన్నా కాలేయానికి హాని చేసే ఈ విషం వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు పట్టిన, చేదుగా ఉన్న గింజలను ఏరి పారేయాలే తప్ప, వేయిస్తే సరిపోతుందనుకుని కలిపేయకూడదు. పారేసిన వాటిని గొడ్లకు కూడా పెట్టకూడదు, పాడి ఆవు తింటే ఆ విషపు అంశ పాలల్లోకి వస్తుంది.

పండగ ముగిసి పిల్లలు తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు డబ్బాలు కట్టడం తల్లుల ప్రేమకు గుర్తు. వేడి వేడి చిత్రాన్నం, మాంసం కూర డబ్బాలో పెట్టి, బిగించి, సంచిలో కుక్కి, రెండు వందల కిలోమీటర్ల పైన బస్సులో పంపితే, బెంగళూరులో తలుపు తీసేసరికి ఐదారు గంటలు గడుస్తాయి. బాక్టీరియాను పెంచడానికి ప్రయోగశాలలో వాడే పెట్టె కూడా దాదాపు ఇటువంటిదే. డబ్బాలో కట్టవలసినవి పొడివి: కజ్జికాయలు, నిప్పట్లు, చెనిక్కాయల పొడి, సజ్జ రొట్టెలు. కూర పంపక తప్పదనుకుంటే ముందురోజే ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పంపాలి, వెళ్లగానే తెర్లించి తినాలి.

ఇంత చేసినా ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మొదట కావలసింది మాత్రలు కాదు, నీళ్లు, ఉప్పు. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలిపి, గుక్కగుక్కగా తాగించాలి. పిల్లలు మత్తుగా పడి ఉన్నా, ఒంటేలు ఆగిపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయకూడదు.

ఇక మన ఒంట్లో తిరిగే గడియారం సంగతి. పిండి, బెల్లం కలిసిన భోజనం చేసిన గంటకు అటూ ఇటూగా రక్తంలో చక్కెర పతాక స్థాయికి చేరుతుంది. సరిగ్గా ఆ సమయానికే మనం చాప పరుస్తాం. ఇన్సులిన్ చాలని శరీరానికి ఆ గంట చాలా భారమైనది, కానీ కండరాలకు ఒక అదృష్టం ఉంది: అవి పనిచేస్తున్నప్పుడు, రక్తంలోని చక్కెరను లోపలికి చేరవేసే గ్లూట్4 అనే ప్రోటీను ఇన్సులిన్ పిలుపు కోసం ఆగకుండానే కణం అంచుకు వచ్చి నిలబడుతుంది. 2016లో న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు మధుమేహం ఉన్నవారిని, రోజుకు ఒకేసారి అరగంట నడిచినప్పుడు, ప్రతి భోజనం తరువాత పది నిమిషాల చొప్పున నడిచినప్పుడు పోల్చి చూశారు. నడిచిన మొత్తం సమయం ఒకటే అయినా, రెండో పద్ధతిలో భోజనానంతర చక్కెర సగటున 12 శాతం, రాత్రి భోజనం తరువాత 22 శాతం తక్కువగా నమోదైంది. మన ఎండలో మధ్యాహ్నం వీధిలో నడవమని నేను చెప్పను. వసారాలో అటూ ఇటూ పచార్లు, విస్తళ్లు ఎత్తడం, తరువాతి బంతికి వడ్డించడం చాలు, ఆ తరువాత పడుకోవచ్చు.

తినే వరస కూడా లెక్కలోకి వస్తుంది. 2015లో అమెరికాలో మధుమేహం ఉన్న 11 మందితో చేసిన ఒక చిన్న పరిశీలనలో, కూరగాయలు, మాంసం ముందు తిని రొట్టె, పండ్లరసం చివర తీసుకున్నప్పుడు, గంట తరువాతి చక్కెర, తలకిందుల వరసలో తిన్నప్పటి కంటే 37 శాతం తక్కువగా ఉంది. మన విస్తరిలో తీపి మొదట పడుతుంది. దాన్ని తీసేయనక్కరలేదు, ముందు కోసుంబరి, కూర, పప్పు తిని, ఓళిగను ఆ తరువాత తుంచుకుంటే సరిపోతుంది. ఎటూ ఓళిగ తింటాం కదా అని మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు పొద్దున్నుంచి పస్తు ఉండడం మాత్రం చాలా ప్రమాదకరం. పూజ అయ్యేదాకా ఏమీ తినకుండా, అలవాటుగా మాత్ర వేసుకున్న పెద్దవాళ్లు పన్నెండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి, తూలిపడడం చక్కెర బాగా పడిపోవడం వల్లనే. అటువంటప్పుడు వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. పండగ ముందే తమ డాక్టరును అడిగి మాత్ర వేళ మార్చుకోవడం అంతకంటే మంచిది.

వంటకం చల్లారే గడియారం, ఒంట్లో తిరిగే గడియారం, ఈ రెండూ ఎక్కువగా వేధించేది వంట చేసినవాళ్లను. తెల్లవారుజామున లేచి, వేడిలో నిలబడి, మూడు బంతులు వడ్డించి, మూడున్నరకు విస్తరి వేసుకునే ఆడవాళ్లు తినేది నాలుగు గంటల కిందటి అన్నం, అడుగున చల్లారిన కూర. దానికి ముందు పొద్దుటి నుంచి వాళ్ల కడుపులో కాఫీ తప్ప ఏమీ ఉండదు. ఆ పిల్లల వాంతుల తరువాత మా ఇంట్లో అన్నాన్ని ఒకేసారి గుండిగలో వార్చడం మానేశాం. పదకొండున్నరకు సగం, ఒంటిగంటన్నరకు ఇంకో సగం వండుతున్నాం. రెండో అన్నం దించేసరికి మొదటి బంతిలో తిన్న మగవాళ్లు లేచి వడ్డనకు నిలబడతారు, వంట చేసినవాళ్లు ఆ వేడి అన్నంతో కూర్చుంటారు. మిగిలింది ఏదైనా మధ్యాహ్నం రెండున్నరకల్లా పళ్లేల్లో పరిచి ఫ్యాను కిందికి చేరుతుంది.