వాగ్దాన కార్డులో అచ్చు వేయని వచనం: నిరీక్షణ మీద అపోహలు, వాస్తవాలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మా సంఘంలో స్టీలు పళ్లెంలో వాగ్దాన కార్డులు, అంటే ఒక్కో బైబిలు వచనం అచ్చు వేసిన కార్డులు పెడతాం. పన్నెండు దాటగానే పిల్లాపెద్దా అందరూ వరసలో వచ్చి తలా ఒకటి తీసుకుంటారు. ఒక ఏడాది మా సంఘంలోని ఒక అక్కకు యిర్మీయా 29:11 వచ్చింది. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అనే వచనం. ఇంటికెళ్లి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. మార్చి నెల తిరగకముందే ఆమె భర్త పోయాడు. ఆదరణ కూడిక నాడు నన్ను వంటింట్లోకి పిలిచి ఆ కార్డు నా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, ఇది ఇంకెవరికో రావాల్సిందేమోనండీ, పొరపాటున నాకొచ్చింది" అంది.

ఒంగోలు చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా పాస్టరుగా ఉన్నాను. ఆ రోజు ఆ అక్కకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటా లేదు. ఇంటికొచ్చి ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. అప్పటి నుంచి నిరీక్షణ గురించి మనం చెప్పుకునే మాటలన్నిటినీ బైబిలు పక్కన పెట్టి చూసుకోవడం అలవాటైంది.

అపోహ: నిరీక్షణ అంటే ఇకమీదట అంతా మంచే జరుగుతుందని నమ్మడం.

ఆ వచనానికి ముందుది, అంటే పదో వచనం, ఏ కార్డు మీదా కనిపించదు. అందులో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం అది. అంతకు ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని చెప్పాడు. ఎవరికైనా వినాలనిపించే మాట అదే కదా. యిర్మీయా మాత్రం అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని రాశాడు. ఒకసారి లెక్క వేసి చూడండి. ఆ ఉత్తరం విన్న నలభై ఏళ్ల మనిషి తిరుగు ప్రయాణం చూడడు. అతని మనవడు చూస్తాడేమో. అయినా "మీకు నిరీక్షణ" అని దేవుడు చెప్పింది ఆ నలభై ఏళ్ల మనిషికి కూడా.

మిగతావాళ్లు ఆశ అనేచోట మన తెలుగు బైబిలు నిరీక్షణ అంటుంది. అంటే ఎదురుచూపు. ఆ మాటను ఎంచుకున్నవాళ్లకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఆశ ఎవరూ లేకపోయినా పుడుతుంది. ఎదురుచూడాలంటే మాత్రం వస్తానని చెప్పినవాడు ఒకడుండాలి. "మనము చూడనిదానికొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము" అని పౌలు రోమా పత్రికలో రాశాడు. చనిపోయి తిరిగి లేచిన యేసు మాట మీద మేము ఆనుకుని ఉన్నాం. ఈ ఏడాది ఉద్యోగం వస్తుందా, స్కానింగ్ రిపోర్టు బాగుంటుందా అనేదానికి నేను హామీ ఇవ్వలేను. వెనకటి రోజుల్లో ఇచ్చాను కూడా. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

కార్డులు మాత్రం మానలేదు. ఇప్పుడు పదో వచనం, పదకొండో వచనం కలిపే అచ్చు వేయిస్తున్నాం.

అపోహ: విశ్వాసి ఏడవకూడదు, సాక్ష్యం పోతుంది.

చావు ఇంట్లో ఈ మాట విన్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. "ఊరుకోమ్మా, ఆయన ప్రభువు దగ్గరే ఉన్నాడుగా" అంటారు, ప్రేమతోనే అంటారు. పౌలు థెస్సలొనీకయులకు రాసింది "నిరీక్షణలేని యితరులవలె" దుఃఖపడవద్దని. అసలు దుఃఖపడొద్దని ఆయన ఎక్కడా అనలేదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఏడుపుతో మొదలయ్యే కీర్తనలు చాలా వరకు స్తోత్రంతో ముగుస్తాయి. 88వ కీర్తన అలా ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో ఆగిపోతుంది, అంతే. చేతికి అందొచ్చిన కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి రెండు రోజులుగా ఎవరితోనూ పలకడం లేదంటే వెళ్లి ఆ కీర్తన చదివాను. "ఇది బైబిల్లోనే ఉందా అయ్యగారూ?" అని పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, వేలు పెట్టి తనే చదువుకున్నాడు. తర్వాత చాలాసేపు ఏడ్చాడు. నేను పక్కనే కూర్చున్నాను.

మా దగ్గర ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల తోటలోనే ఆరాధన జరుగుతుంది. ముందు రోజే వచ్చి కలుపు పీకి, సమాధులకు సున్నం వేసి వెళతారు. చీకట్లో కొవ్వొత్తులు వెలిగించి పునరుత్థాన గీతాలు పాడుతూ ఏడుస్తారు. పాటా ఏడుపూ ఒకే గొంతులోంచి వస్తాయి. నిరీక్షణ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఒక్కసారి ఆ వేళకు రమ్మంటాను.

అపోహ: కష్టం వచ్చిందంటే ఏదో పాపం చేసే ఉంటారు.

పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు అడిగింది ఇదే: పాపం వీడిదా, వీడి కన్నవాళ్లదా? ఇద్దరిదీ కాదని యేసు చెప్పాడు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే అంతా పాడైంది.

అపోహ: డిప్రెషన్ విశ్వాసం తక్కువైతే వస్తుంది. మందులు వాడితే దేవుణ్ణి నమ్మనట్టే.

ఇక్కడ తప్పు చేసినవాణ్ణి నేనే. కొన్నేళ్ల కిందట ఇంటర్ చదివే ఒక కుర్రాడు వచ్చి, నిద్ర పట్టట్లేదండీ, పొద్దున్నే లేవాలనే అనిపించట్లేదు అన్నాడు. మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేయి బాబూ, అంతా సర్దుకుంటుంది అని పంపించేశాను. మళ్లీ అతన్ని చూసింది ఆసుపత్రి మంచం మీద. దేవుని దయవల్ల బతికాడు. అతని దగ్గర, వాళ్లమ్మ దగ్గర క్షమాపణ అడిగాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, చాలాకాలం మందులు వాడాడు. ఇప్పుడు మా యౌవనస్థుల కూడికలో గిటారు వాయిస్తాడు.

ఏలీయా సంగతి నాకు ముందే తెలుసు, ఎన్నోసార్లు ప్రసంగించాను కూడా. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ప్రవక్త, ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి బదరీ చెట్టు కింద కూర్చుని "నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అన్నాడు దూత. నీరసంగా ఉన్నవాడి శరీరం ముందు సంగతి, మిగతావన్నీ తర్వాత.

పౌలు పక్కన "ప్రియుడైన వైద్యుడు" లూకా ఉన్నాడు. మన గుంటూరుకు 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరే. ప్రార్థనతో సరిపోతుందనుకుంటే ఆవిడ 1898లో ఆడవాళ్ల కోసం అక్కడ ఆసుపత్రి తెరిచి ఉండేవారు కాదు. దయచేసి వినండి: ఎవరైనా చనిపోవాలని ఉందంటే ఒంటరిగా వదలకండి. 14416 టెలి మానస్ నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బులు కట్టక్కర్లేదు. మా చర్చి నోటీసు బోర్డు మీద ఆరాధన వేళల పక్కనే ఆ నంబరు రాయించాను. ఫోన్ చేయండి, డాక్టరుకు చూపించండి, ప్రార్థన కూడా చేయించుకోండి.

అపోహ: మనవాళ్లు అన్నం కోసమే ఈ మతంలోకి వచ్చారు.

ఇది బయటివాళ్లే కాదు, మా పిల్లలు కూడా తలొంచుకుని అడుగుతారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు. తిండి కోసమన్న మాట రాకూడదని ఆపాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి పంచడానికి ఏమీ లేదు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మాదిగ కుటుంబాలవాళ్లు. మట్టి తట్టలు మోసిన ఆ మనుషులకు "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అనే యేసు పిలుపు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. సమస్త జనులు అన్న మాటలో తామూ ఉన్నారు. మా పిల్లలకు నేను చెప్పేది, తలెత్తుకుని చెప్పుకోండి అని.

అపోహ: జీవితానికి అర్థం ఉండాలంటే పూర్తికాలపు పరిచర్యకు వెళ్లాలి.

మొదట చెప్పిన ఆ అక్క భర్త పోయాక కుట్టుమిషను మీద ఇల్లు నడుపుతోంది. జూన్‌లో యూనిఫాంల పని ఎక్కువ. ఒక శనివారం వెళ్లేసరికి, మిషను తొక్కుతూనే, "పరిచర్య చేసేవాళ్ల బతుక్కి అర్థం ఉంటుందండీ. నాదేముంది, పొద్దస్తమానం గుడ్డ ముక్కలే" అంది.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం తీసి దొర్కా గురించి చదివాను. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి, ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలు చూపించారు. ఆమె చేసిన ప్రసంగం ఒక్కటి కూడా బైబిల్లో లేదు. ఆమె కుట్టిన బట్టలున్నాయి.

అక్క మిషను ఆపి విన్నది. కాసేపటికి, "అయ్యగారూ, అప్పట్లో మిషన్లు లేవు కదండీ, ఆ కుట్లన్నీ చేత్తోనే వేసుంటుంది" అంది. మళ్లీ దారం ఎక్కించుకుంది. సంచిలో ఇంకా పదకొండు జతలున్నాయి. సోమవారం బడులు తెరుస్తారు.