ఇంగ్లండ్ స్కూళ్ళలో సమ్మర్ ఫెయిర్: మనవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

జూన్ వచ్చిందంటే ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూళ్ళ గేట్లకు సమ్మర్ ఫెయిర్ బ్యానర్లు కడతారు. స్కూలుకు అదనంగా కావలసిన పుస్తకాలకూ ఆటసామానుకూ పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) పోగుచేసే డబ్బులో పెద్ద భాగం ఆ ఒక్క శనివారం మధ్యాహ్నమే వస్తుంది. మా పిల్లల స్కూల్లో ఆరేళ్ళుగా ఈ ఫెయిర్ పని చూస్తున్నాను. మన తెలుగు తల్లిదండ్రులు భయపడనక్కర్లేని చోట వెనకడుగు వేయడం, జాగ్రత్తపడాల్సిన చోట ధీమాగా ఉండడం చాలాసార్లు చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వీసా మీద ఉన్నాం, వలంటీర్‌గా చేయకూడదు.

స్కిల్డ్ వర్కర్ వీసా ఉన్నవాళ్ళు జీతం లేని వలంటీర్ పని చేయొచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కూడా రిజిస్టర్డ్ చారిటీకి మొత్తం 30 రోజుల వరకు సాయం చేయొచ్చు. చాలా పీటీఏలు రిజిస్టర్డ్ చారిటీలే. మీ స్కూలుది అవునో కాదో ఒక్క మాట అడగండి. పోయినేడాది మా టీ టెంట్‌లో కప్పులు సర్దింది ఒక అమ్మమ్మగారే.

అపోహ: రోజంతా పోతుంది, ఇంగ్లీషు బాగా రావాలి, ఇదంతా వాళ్ళ పండగ.

లెక్క చెప్తాను. ఫెయిర్ 12 నుంచి 3 వరకు. స్టాళ్ళు 12, ఒక్కోదానికి ఇద్దరు, షిఫ్టు 45 నిమిషాలు. అంటే 96 ఖాళీలు నింపాలి. ఒక్కొక్కరు రెండేసి షిఫ్టులు చేసినా 48 మంది కావాలి. సాధారణంగా ముందుకొచ్చేది ఎప్పుడూ వచ్చే పదిహేను మందే. అందుకే మీ 45 నిమిషాలు మాకు చాలా విలువైనవి. టోంబోలా అనే చీటీల ఆట దగ్గర చీటీ విప్పి, నంబరు చివర 0 గానీ 5 గానీ ఉంటే బహుమతి ఇవ్వాలి, అంతే. కోకోనట్ షై దగ్గర పిల్లలు బంతితో కొబ్బరికాయ పడగొడతారు. గెలిచిన కాయను ఎలా కొట్టాలో చూపించడానికి మనకంటే తగినవాళ్ళు ఎవరుంటారు?

నిర్వహించేవాళ్ళకు ఒక మాట. వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా రాగలరా?" అని పెడితే ఎవరూ రారు. గేటు దగ్గర కలిసి "ఒంటిగంటన్నరకు హుక్ ఎ డక్ (బాతుబొమ్మలను కొక్కెంతో పట్టే ఆట) దగ్గర నిలబడతారా అండీ?" అని అడిగితే చాలామంది సరేనంటారు. అన్నిటికంటే కష్టం మూడు గంటల తర్వాత బల్లలు మోయడానికి మనుషులు దొరకడం. ఆ షిఫ్టును ముందే నింపుకోండి.

అపోహ: ఇంట్లో వండింది అమ్మాలంటే సర్టిఫికెట్ కావాలి. శాకాహారమైతే ఇక దిగుల్లేదు.

రెండూ తప్పే. ఏడాదికి ఒకటి రెండుసార్లు జరిగే ఇలాంటి ఫెయిర్‌లో అమ్మడానికి ఫుడ్ బిజినెస్‌గా రిజిస్టర్ కానక్కర్లేదు, హైజీన్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. కానీ తిండి సురక్షితంగా ఉండాల్సిన బాధ్యత మనదే.

అలర్జీల సంగతి మనవాళ్ళకు అంతగా పట్టదు. బ్రిటన్ జాబితాలోని 14 అలర్జీ పదార్థాలలో ఆవాలు ఉన్నాయి, నువ్వులు ఉన్నాయి, వేరుశనగ, జీడిపప్పు ఉన్నాయి. అంటే పోపు పెట్టిన ప్రతి వంటా లెక్కలోకి వస్తుంది. డబ్బా ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిసి ఉంటుంది, కాబట్టి గ్లూటెన్ కూడా. వెజిటేరియన్ అన్న చీటీతో సరిపెట్టకుండా వేసినవన్నీ రాసి స్టాల్ మీద పెట్టండి.

ఇక అన్నం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు, అవి గోరువెచ్చటి అన్నంలో పెరుగుతాయి. ఒక ఏడాది ఒక తల్లి ప్రేమగా రెండు పెద్ద గిన్నెల పులిహోర చేసి తెచ్చారు. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న దాన్ని పారబోయక తప్పలేదు. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. చింతపండు పులుపు కొంత కాపాడుతుందన్నది నిజమే, కానీ ఊరివాళ్ళ పిల్లలకు అమ్మేటప్పుడు ఆ నమ్మకం చాలదు. వేడిగా ఉంచాలంటే 63 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గకూడదు. అందుకే ఇప్పుడు జంతికలు, కొబ్బరి లౌజు మాత్రమే పెడుతున్నాం.

అపోహ: రాఫుల్ (లక్కీ డ్రా) టికెట్లు ఎప్పుడైనా, ఎక్కడైనా అమ్ముకోవచ్చు.

ఫెయిర్ జరుగుతున్న చోట, జరుగుతున్నంతసేపు అమ్మితే అనుమతి అక్కర్లేదు. వచ్చిన డబ్బులోంచి బహుమతులకు 500 పౌండ్లకు మించి తీయకూడదు. దానంగా వచ్చిన బహుమతులకు ఆ పరిమితి లేదు. వారం ముందు నుంచే ఊళ్ళో అందరికీ అమ్మాలంటే కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, మొదటి ఏడాది ఫీజు 40 పౌండ్లు.

అపోహ: బౌన్సీ కాజిల్ (పిల్లలు ఎక్కి గెంతే, గాలి నింపిన బొమ్మకోట) అద్దెకిచ్చినవాళ్ళే అన్నీ చూసుకుంటారు.

2016లో ఎసెక్స్‌లోని హార్లో పార్కులో గాలికి కొట్టుకుపోయిన బౌన్సీ కాజిల్‌లో ఉన్న ఏడేళ్ళ పాప చనిపోయింది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ ఒక్క విషయంలో మొహమాటం ఉండదు. తనిఖీ జరిగినట్టు చూపే పిపా ట్యాగ్ నంబరు ముందే అడిగి ఆన్‌లైన్‌లో సరిచూస్తాను. మేకులన్నీ దిగాయో లేదో స్వయంగా చూస్తాను. గాలి గంటకు 24 మైళ్ళు, అంటే సుమారు 38 కిలోమీటర్లు దాటితే పిల్లల్ని దించేసి గాలి తీసేయాల్సిందే. పిల్లలు ఏడ్చినా సరే.

అపోహ: మెహందీ సహజమైనదే కదా.

గోరింటాకు సహజమే. నల్లగా పండే 'బ్లాక్ హెన్నా'లో తరచూ పీపీడీ అనే రసాయనం ఉంటుంది, దానివల్ల చర్మం పొక్కుతుంది. అది స్టాల్ దరిదాపులకు రానివ్వకండి.

అపోహ: వంటా రాదు, తీరికా లేదు, నావల్ల ఏం ఉపయోగం?

మీ కంపెనీలో మ్యాచ్ ఫండింగ్ ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. ఉద్యోగి వలంటీర్‌గా పనిచేసిన స్టాల్‌లో ఎంత వసూలైతే, ఒక పరిమితి వరకు అంతే డబ్బు ఇచ్చే కంపెనీలు ఇక్కడ ఉన్నాయి. దరఖాస్తు ఫెయిర్‌కు ముందే పెట్టండి, కొన్ని చోట్ల తర్వాత ఒప్పుకోరు.