అమెరికా ఇమిగ్రేషన్ కోర్టులో మనవాళ్లకు ప్రభుత్వ లాయరు ఎందుకు దొరకడు?

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరుపతిలో చాలా ఇళ్లలో ఒకటే టెన్షన్. అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను, అంటే వాళ్లు అక్కడ చట్టబద్ధంగా చదువుతున్నారని చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులను, ఉన్నట్టుండి రద్దు చేయడం మొదలుపెట్టింది. ఆ సంఖ్య 4,700 దాటింది. ఎప్పుడో కట్టేసిన ట్రాఫిక్ జరిమానా, కోర్టు కొట్టేసిన చిన్న కేసు కూడా కొందరి మెడకు చుట్టుకున్నాయి. పిల్లల్ని ఎంఎస్‌కి పంపిన తల్లిదండ్రుల మనసులో ఉన్న ప్రశ్న ఒకటే: పట్టుకుంటే లాయర్ని ప్రభుత్వమే ఇస్తుంది కదా?

ఇవ్వదు. ఈ మాట బాలాజీ కాలనీలోనో ఎయిర్ బైపాస్ రోడ్డులోనో వరసగా కనిపించే కన్సల్టెన్సీల్లో ఎవరూ ముందుగా చెప్పరు. సినిమాల్లో చూసింది నిజమే అనుకుంటాం. అమెరికా పోలీసు బేడీలు వేస్తూ, లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వం ఏర్పాటు చేస్తుందని చెబుతాడు. అది క్రిమినల్ కేసులకు వర్తించే మాట. 1963లో గిడియన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 1966 నాటి మిరాండా తీర్పు ఆ హక్కును గట్టిపరిచాయి. దేశం నుంచి పంపించేసే కేసు మాత్రం అక్కడి చట్టం దృష్టిలో క్రిమినల్ కేసు కాదు, సివిల్ వ్యవహారం. 1952 ఇమిగ్రేషన్ చట్టం లాయర్ని పెట్టుకునే అవకాశాన్ని ఒప్పుకుంటూనే, ప్రభుత్వానికి ఖర్చు లేకుండా అన్న షరతు రాసిపెట్టింది. అంటే హత్య కేసులో ముద్దాయికి ఉచితంగా లాయరు దొరుకుతాడు. వీసా తప్పిందని నెలల తరబడి నిర్బంధంలో ఉన్న 23 ఏళ్ల కుర్రాడికి దొరకడు. అతనికి ఎదురుగా వలసల వ్యవహారం చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ తరఫున ప్రభుత్వ లాయరు ఉంటాడు. తీర్పు చెప్పే ఇమిగ్రేషన్ జడ్జి న్యాయశాఖ ఉద్యోగి.

ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 130 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1882లో అమెరికా చైనా కూలీల రాకను నిషేధించింది. 1892లో గియరీ చట్టం తెచ్చి, అప్పటికే అక్కడ ఉన్న చైనా కూలీలంతా నివాస సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలంది. సర్టిఫికెట్ లేకుండా పట్టుబడిన వ్యక్తి తాను ముందునుంచీ అక్కడే ఉంటున్నానని నిరూపించుకోవాలంటే కనీసం ఒక తెల్లజాతి సాక్షి కావాలి. చైనావాళ్లు దీన్ని ఊరుకోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని వాళ్ల సంఘాలు మనిషికి ఒక డాలరు చొప్పున చందా వేసుకుని, పెద్ద లాయర్లను పెట్టి, ముగ్గురు కూలీల కేసును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లాయి. ఆ ముగ్గురిలో ఒకరికి సర్టిఫికెట్ ఇవ్వకపోవడానికి కారణం అతని సాక్షులు చైనావాళ్లు కావడమే.

1893 మే నెలలో తీర్పు వచ్చింది. అయిదుగురు జడ్జిలు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. దేశం నుంచి పంపించడం నేరానికి వేసే శిక్ష కాదని, కాబట్టి నేర విచారణలో ఉండే రక్షణలు ఇక్కడ వర్తించవని మెజారిటీ తేల్చింది. ఒప్పుకోని ముగ్గురిలో జస్టిస్ బ్రూయర్ ఇది శిక్షేనని గట్టిగా రాశారు. ఉన్న ఊరి నుంచి, కుటుంబం నుంచి, చేస్తున్న పని నుంచి మనిషిని లాగేసి ఓడ ఎక్కించడం శిక్ష కాకపోతే మరేమిటన్నదే ఆయన వాదన సారం. నా దృష్టిలో ఆయనదే న్యాయం. కానీ గెలిచింది మెజారిటీ మాట. లాయరు విషయంలో అమెరికా ఈనాటికీ నిలబడుతున్నది ఆ పునాది మీదే.

తర్వాతి జడ్జిలు ఆ మాటను కొంత మెత్తబరిచారు. 1903లో ఒక జపాన్ యువతి కేసులో, పంపించే ముందు న్యాయమైన విచారణ ఉండాలన్నారు. 1922లో జస్టిస్ బ్రాండైస్, బహిష్కరణ వల్ల బతుకును బతుకుగా ఉంచే సమస్తమూ పోవచ్చని రాశారు. 1945లో కార్మిక నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్ కేసులోనూ కోర్టు ఇలాంటి బాధనే గుర్తించింది. ఇంత గుర్తించినా లాయరు ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ 1893 తీర్పును కదపలేదు.

దెబ్బ గట్టిగా తగిలింది 1996లో. ఆ ఏడాది వచ్చిన చట్టం రెండు పనులు చేసింది. చాలామందిని బెయిలు ఊసే లేకుండా నిర్బంధంలో పెట్టడం తప్పనిసరి చేసింది. ఎయిర్‌పోర్టులో, సరిహద్దులో అధికారే నిర్ణయించి జడ్జి ముందుకు తీసుకెళ్లకుండా వెనక్కి పంపే పద్ధతి పెట్టింది. నిర్బంధ కేంద్రాల్లో చాలావాటిని లూసియానా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో నగరాలకు దూరంగా పెట్టారు. లాయరు అక్కడికి వెళ్లాలంటే గంటల ప్రయాణం. నిర్బంధంలో ఉన్న మనిషికి సంపాదన ఉండదు, ఫోను దొరకడం కష్టం, పత్రాలన్నీ గదిలో ఉండిపోయి ఉంటాయి. 2007 నుంచి 2012 వరకు 12 లక్షలకు పైగా కేసులను పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. నిర్బంధంలో ఉన్నవాళ్లలో లాయరు ఉన్నది 14 శాతానికే. వాళ్లలో లాయరు ఉన్నవారు 21 శాతం గెలిచారు, లేనివారు 2 శాతం. లాయరు ఉన్నవాళ్ల కేసులే ముందునుంచీ కొంత బలమైనవి అయి ఉండొచ్చు. ఆ మాట ఒప్పుకున్నా ఇంత తేడా దానితో తీరదు.

న్యూయార్క్ నగరం 2013లో ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. నిర్బంధంలో ఉండి లాయర్ని పెట్టుకోలేని వాళ్లందరికీ, కేసు గెలుస్తుందా లేదా అని చూడకుండా, నగరం డబ్బుతో లాయర్లను ఇచ్చింది. అంతకుముందు లాయరు లేనివాళ్లు 4 శాతం గెలిచేచోట ఈ పథకంలో 48 శాతం దాకా గెలుస్తారని 2017లో అంచనా వేశారు. అదే 2013లో కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ కోర్టు, మూడు రాష్ట్రాల్లో నిర్బంధంలో ఉన్న తీవ్ర మానసిక వైకల్యం గలవారికి ప్రభుత్వమే ప్రతినిధిని ఇవ్వాలంది. పిల్లల విషయంలో మాత్రం పోరాటం సాగుతూనే ఉంది. మూడు నాలుగేళ్ల పిల్లలకు కూడా ఇమిగ్రేషన్ చట్టం నేర్పవచ్చని ఒక సీనియర్ ఇమిగ్రేషన్ జడ్జి ప్రమాణం చేసి చెప్పిన సంగతి 2016లో బయటికొచ్చింది. చదివినప్పుడు నాకు కోపం ఆగలేదు.

ఇక మనవాళ్ల సంగతి. తెలుగు కుటుంబాలకు ఈ వ్యవస్థ మొదటిసారి పెద్ద ఎత్తున ఎదురైంది 2011 జనవరిలో. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి చేసి మూసేశారు. దాదాపు 1,500 మంది విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు, ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో ట్యాగులు తగిలించారు. అప్పటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ అభ్యంతరం చెప్పారు. ఆ యూనివర్సిటీ స్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. వీసాల మోసం చేసింది ఆమె అని కోర్టే తేల్చింది. మోసపోయిన విద్యార్థి మాత్రం తన స్టేటస్ కోసం సొంత డబ్బుతో లాయర్ని వెతుక్కోవలసి వచ్చింది.

2019 జనవరిలో జరిగింది ఇంకా దారుణం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని ఎరగా పెట్టి నడిపిందే ప్రభుత్వ ఏజెంట్లు. క్లాసులు లేవు, మేష్టర్లు లేరు. అయినా హోంల్యాండ్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో అది గుర్తింపు ఉన్న కాలేజీగా కనిపించేది. మొదటి విడతలో 130 మంది విద్యార్థులను పట్టుకుంటే 129 మంది భారతీయులు, ఎక్కువగా తెలుగువాళ్లు. ఏడాది ఆఖరుకు ఆ సంఖ్య 250 దాకా వెళ్లింది. భారత ప్రభుత్వం ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి నిరసన లేఖ ఇచ్చింది, వాషింగ్టన్‌లోని మన ఎంబసీ 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది. అక్కడి తెలుగు సంఘాలు లాయర్లతో మాట్లాడించి, నిర్బంధ కేంద్రాలకు మనుషుల్ని పంపాయి. 1892లో డాలరు చొప్పున పోగుచేసిన చైనా సంఘాలు ఏం చేశాయో మన సంఘాలూ అదే చేశాయి. 127 ఏళ్లు గడిచినా లాయర్ని తెచ్చే బాధ్యత సాటి వలసదారుల మీదే ఉంది.

ఆ విద్యార్థుల్లో సుమారు 80 శాతం మంది స్వచ్ఛందంగా వెళ్లిపోవడానికి అనుమతి తీసుకున్నారు. ఈ మాట వెనుక ఉన్న తేడా తల్లిదండ్రులకు తెలియడం అవసరం. జడ్జి అనుమతితో తమంతట తాము వెళ్లిపోతే రికార్డులో బహిష్కరణ ఉత్తర్వు ఉండదు. ఉత్తర్వు పడితే పరిస్థితిని బట్టి 5 ఏళ్లో 10 ఏళ్లో మళ్లీ అడుగు పెట్టనివ్వరు. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో చెప్పే మనిషి పక్కన లేకపోతే, భయపడిన కుర్రాడు ఏదో ఒకదాని మీద పెట్టేస్తాడు.

ఎయిర్‌పోర్టులో అయితే ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. 2023 ఆగస్టులో ఒక్కరోజే 21 మంది భారతీయ విద్యార్థులను అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుల నుంచి వెనక్కి పంపారు. వాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువ. ఇలా ఆపినప్పుడు లాయరుతోనో బంధువుతోనో మాట్లాడనివ్వాలన్న బిల్లును చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాల్ ప్రతినిధుల సభలో పెట్టారు. సెనేట్‌లో పెట్టింది అప్పటి సెనేటర్ కమలా హారిస్. 2021లో ప్రతినిధుల సభ దాన్ని ఆమోదించింది. సెనేట్ ఆమోదించలేదు.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి వైపు, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతాల్లో ఈ కథకు ఇంకో రూపం ఉంది. అక్కడి నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు, డ్రైవర్లు ఎందరో. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) కొడుతున్నాడనో జీతం ఇవ్వలేదనో ఇల్లు దాటితే పారిపోయారని కేసు. అప్పటి నుంచి ఆమె ఖల్లివెల్లి, అంటే పత్రాలు లేని మనిషి కింద లెక్క. కువైట్‌లో పంపించే అధికారం హోం శాఖ చేతిలోనే ఉంటుంది. చాలా సందర్భాల్లో కేసు కోర్టు గడప తొక్కదు, కాబట్టి లాయరుకు చోటే ఉండదు. ఆమెకు మిగిలే దారి, పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి రావడానికి భారత ఎంబసీ ఇచ్చే ఔట్ పాస్, లేదంటే 2018లోనూ 2024లోనూ కువైట్ ప్రకటించినట్టు క్షమాభిక్ష. 2009లో భారత ప్రభుత్వం పెట్టిన ప్రవాస భారతీయ సంక్షేమ నిధి నుంచి న్యాయ సాయానికి కూడా ఖర్చు పెట్టవచ్చు. 2015 నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఇవి పల్లెల్లో ఎంతమందికి చేరాయన్నది వేరే మాట.

మన దగ్గర సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణ, 1979 హుస్సైనారా ఖాతూన్ తీర్పు, 1987 న్యాయ సేవల చట్టం వల్ల చిత్తూరు కోర్టులో పేద ముద్దాయికి లాయరు దొరుకుతాడు. ఆ విషయంలో మనం మెరుగే. కానీ 1946 విదేశీయుల చట్టంలో తాను విదేశీయుణ్ని కానని నిరూపించుకునే భారం ఆ మనిషి మీదే పెట్టారు. దాని స్థానంలో 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ భారాన్ని అలాగే ఉంచింది. మన పిల్లల కోసం అక్కడ అడిగే న్యాయం ఇక్కడికి వచ్చినవాళ్లకూ ఇవ్వమని అడగాల్సిందే.

2025 ఈ సమస్యను మరింత పదునెక్కించింది. ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులు సంకెళ్లతో సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దిగారు. నిర్బంధంలో ఉన్నవాళ్లకు హక్కులు వివరించే కార్యక్రమాన్ని, 2003 నుంచి నడుస్తున్నదాన్ని, ఆపేశారు. ఒంటరిగా వచ్చిన పిల్లలకు లాయర్లను ఇచ్చే కాంట్రాక్టును మార్చిలో రద్దు చేస్తే కోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. జులైలో నిర్బంధ కేంద్రాలకు 4,500 కోట్ల డాలర్లు కేటాయించారు. నిర్బంధంలో ఉన్నవాళ్ల సంఖ్య 60 వేలు దాటింది. తనిఖీ లేకుండా దేశంలోకి వచ్చినవాళ్లకు బాండ్ (బెయిలు) ఇచ్చే అధికారం ఇమిగ్రేషన్ జడ్జిలకు లేదని సెప్టెంబరులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు అంది.

ఆ సెవిస్ రికార్డులు ఏమయ్యాయంటే, విద్యార్థులు పలు రాష్ట్రాల్లో ఫెడరల్ కోర్టులకు వెళ్లారు, జడ్జిలు వరసగా స్టేలు ఇచ్చారు, ఏప్రిల్ నెలాఖరుకు ప్రభుత్వం రికార్డులను తిరిగి పెట్టింది. అంటే లాయర్లు కోర్టుకు వెళ్లగలిగినచోట ఫలితం వచ్చింది.

కాబట్టి తిరుపతిలో ఉన్న అమ్మానాన్నలు ఇప్పుడే చేసి పెట్టుకోగలిగిన పనులు చెబుతాను. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం కాపీలు మీ దగ్గర ఉంచుకోండి. పట్టుబడితే ముందు కావలసింది ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే ఏలియన్ నంబరు. అది, పుట్టిన దేశం పేరు ఉంటే ఏ కేంద్రంలో ఉన్నాడో ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. నిర్బంధాన్నే సవాలు చేసే హెబియస్ పిటిషన్‌ను మనిషిని ఉంచిన ప్రాంతంలోని ఫెడరల్ జిల్లా కోర్టులోనే వేయాలి. వేరే రాష్ట్రానికి తరలించకముందే లాయరు రంగంలోకి దిగాలి. ఇమిగ్రేషన్ చట్టం ఫెడరల్ చట్టం కాబట్టి, ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా ఏ ఇమిగ్రేషన్ కోర్టులోనైనా వాదించవచ్చు. లాయరు కాని కన్సల్టెంటుకు డబ్బు కట్టొద్దు. భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ప్రకారం పట్టుబడినవాడికి ఉంది. అడగమని పిల్లలకు ముందే చెప్పి పెట్టండి. ఈ సంగతులు వివరించే ఒక డెస్కును చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తిరుపతిలో పెడితే, కనీసం పిల్లలు ప్రయాణమయ్యే జులై, ఆగస్టు నెలల్లో నడిపితే, ఈ ప్రాంతానికి ఎంతో మేలు.