ఎండ పని ఎండది, చేతి పని చేతిది

బరంపురం

చిరంజీవులైన పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

కోడ్‌లో ఎసింక్ (async) అని రాస్తే ప్రోగ్రాం స్పీడుగా నడుస్తుంది కదా అని అడిగారు. ఫోన్లో చెప్పేది కాదని ఉత్తరం రాస్తున్నాను. ఒక పనికి జవాబు వచ్చేలోగా ఇంకో పని చూసుకునే పద్ధతి అది. ప్రోగ్రాం పని చేసే స్పీడేమీ పెరగదు. ఊరికే కూర్చునే సమయం తగ్గుతుంది, అంతే.

ఊరికే కూర్చోవడం అంటే ఎంతసేపో లెక్క కడదాం. మన బరంపురం, ముంబై దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. తిన్నగా గీత గీస్తే మధ్య దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్లో వెలుతురు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కేబుల్ గీత గీసినట్టే ఉందనుకున్నా, దారిలో ఎక్కడా ఆగలేదనుకున్నా, మన ఇంటి నుంచి ముంబై సర్వర్‌కి ఒక ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి పన్నెండున్నర మిల్లీసెకన్లు పడుతుంది. నిజానికి ఇంకా ఎక్కువే. ఆ కాస్త సమయంలోనే 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి 3 కోట్ల 75 లక్షల సైకిళ్ళు, అంటే దాని లోపలి గడియారం టిక్కులు, గడిచిపోతాయి. మామూలు పద్ధతిలో రాసిన ప్రోగ్రాం తన థ్రెడ్‌ని, అంటే కోడ్‌ని వరుసగా నడుపుకుంటూ పోయే పనివాణ్ణి, అంతసేపూ చేతులు కట్టుకుని నిలబెడుతుంది.

మీ నానమ్మ అప్పడాలు చేసేటప్పుడు చూశారు కదా. ఒక అప్పడం వత్తి, డాబా మీద వేసి, అది ఎండేదాకా పక్కన కూర్చుని, ఆ తర్వాత రెండోది వత్తదు. వేసినవి ఎండుతుండగానే తర్వాతవి వత్తేస్తుంది. వత్తే మనిషి ఒక్కతే, ఎండబెట్టేది సూర్యుడు. ఆయన వంద అప్పడాలనైనా ఒకేసారి ఎండబెడతాడు. నెట్‌వర్క్, డిస్క్, దూరాన ఉన్న డేటాబేస్ ఇవన్నీ ఎండ లాంటివి, మీ కోడ్ నానమ్మ చెయ్యి. ఇందులో అప్పడం వత్తే వేగం ఏమాత్రం పెరగలేదని గమనించండి. అందుకే పెద్ద ఫొటోని చిన్నది చెయ్యడం, లక్షల లెక్కలు కట్టడం లాంటి పనులకు ఎసింక్ పనికిరాదు. అవన్నీ వత్తే పనులే. వాటికి ఇంకో చెయ్యి, అంటే ఇంకో థ్రెడ్డో ప్రాసెస్సో కావాలి.

జావాస్క్రిప్ట్‌లో మీరు రాసిన కోడ్‌ని మామూలుగా ఒకటే థ్రెడ్ నడుపుతుంది. దాన్ని నడిపించేది ఈవెంట్ లూప్. పూర్తయిన పనుల కబురు క్యూలో ఉందా చూస్తుంది, ఉంటే దానికి కట్టిన ఫంక్షన్‌ని నడుపుతుంది, మళ్ళీ క్యూ చూస్తుంది. పేరు గంభీరంగా ఉంటుంది కానీ పని ఇంతే. ఫంక్షన్ మధ్యలో అవెయిట్ (await, అంటే జవాబు కోసం ఆగు) వస్తే, జవాబు వచ్చేదాకా ఆ ఫంక్షన్‌ని పక్కన పెడతారు. ఆగేది ఫంక్షన్, థ్రెడ్ వేరే పని చూసుకుంటుంది. పైథాన్‌లో ఎసింక్ ఫంక్షన్ లోపల కాసేపు ఆగడానికి టైమ్.స్లీప్ అని రాశారనుకోండి, లూప్ మొత్తం నిద్రపోతుంది. అక్కడ రాయాల్సింది ఎసింక్‌ఐఓ.స్లీప్, దాని ముందు అవెయిట్.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. ఎసింక్, అవెయిట్ అన్న జంట సీషార్ప్‌లోకి 2012లో, పైథాన్‌లోకి 2015లో, జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి 2017లో వచ్చింది. అంతకు ముందు కాల్‌బ్యాక్ (పని అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్) లోపల కాల్‌బ్యాక్ రాసుకునేవాళ్ళం. ఆ రోజులు మళ్ళీ రావాలని నాకైతే లేదు.

ఇప్పుడు మీ కోడ్ సంగతి. గోపాలపూర్, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వాతావరణం తెచ్చే ప్రోగ్రాం పంపారు. మూడు వరుసల్లో మూడు అవెయిట్‌లు ఉన్నాయి. ఒక్కో జవాబుకి 300 మిల్లీసెకన్లు పడితే మొత్తం 900. ఎసింక్ అని రాశారు కానీ ఒకదాని తర్వాత ఒకటే నడుస్తున్నాయి. ప్రామిస్ అంటే జవాబు తర్వాత ఇస్తానని ఇచ్చే చీటీ, ప్రామిస్.ఆల్ అలాంటి చీటీలన్నిటినీ ఒక్కటిగా కడుతుంది. మూడింటినీ ముందు మొదలుపెట్టి, ప్రామిస్.ఆల్ మీద ఒకే అవెయిట్ పెట్టండి. 300 దగ్గర్లో ముగుస్తుంది. మూడింటిలో ఒకటి ఫెయిలైతే ప్రామిస్.ఆల్ వెంటనే ఎర్రర్ ఇచ్చేస్తుంది. మిగతా రెండు ఆగవు, వాటి మానాన నడుస్తూనే ఉంటాయి, జవాబులు మాత్రం మీ చేతికి రావు. వచ్చినంత చాలు అనుకుంటే ప్రామిస్.ఆల్‌సెటిల్డ్ వాడండి. తుఫాను రోజుల్లో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు, అసలే కబురు తెలియాల్సిన ఊళ్ళలో ఫోన్లు మూగబోయాయి. ఒక ఊరి నుంచి జవాబు రాలేదని మిగతా ఊళ్ళ సంగతీ చూపించని ప్రోగ్రాం ఎందుకు? ప్రతి కాల్‌కీ టైమవుట్, అంటే ఇంతసేపే చూస్తానన్న గడువు, పెట్టండి. టైమవుట్ లేని అవెయిట్ అవతలివాడు పలికేదాకా ఎంతసేపైనా అలాగే ఉండిపోవచ్చు.

దీనికంటే పెద్ద చిక్కు ఒకటుంది, పుస్తకాల్లో దాన్ని ఒక పేరాతో దాటేస్తారు. ఒకటే థ్రెడ్ కదా, రెండు పనులు ఒకదాన్నొకటి తొక్కుకోవు అనుకుంటారు. అవెయిట్‌కీ అవెయిట్‌కీ మధ్య అది నిజమే. అవెయిట్ దగ్గర మాత్రం కాదు. మన ఊరి జాతర ఠాకురాణి యాత్రకి స్టాళ్ళు బుక్ చేసే యాప్ రాస్తున్నారనుకుందాం. ఒక్క స్టాలే మిగిలింది. ఖాళీ ఉందా అని చూస్తారు, ఉంది. డబ్బు కట్టించుకోవడానికి అవెయిట్ పెడతారు. ఆ ఆగిన సమయంలో లూప్ ఇంకొకరి పని చేపడుతుంది. ఆయనకీ ఖాళీ ఉందనే కనిపిస్తుంది. ఇద్దరి డబ్బూ జమవుతుంది, స్టాల్ మాత్రం ఒకటే. కోడ్‌ని ఎన్నిసార్లు చదివినా ఏ వరుసలోనూ తప్పు కనిపించదు. మీరొక్కరే కూర్చుని టెస్ట్ చేస్తే అసలే బయటపడదు, యాత్ర రద్దీలోనే పడుతుంది.

కాబట్టి అవెయిట్ దాటాక, దాని ముందు చూసిన సంగతులు ఇంకా నిజమేనా అని మిమ్మల్ని మీరే అడగండి. ఈ యాప్‌కి మందు డేటాబేస్ దగ్గరుంది. ఖాళీలు సున్నా కంటే ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు అని ఒకే ఆదేశంలో దానికే చెప్పాలి, తగ్గిందని అది ఒప్పుకున్నాకే డబ్బు అడగాలి. డబ్బు రాకపోతే స్టాల్‌ని మళ్ళీ ఖాళీలో కలపాలి. చూసేది ఒకచోట, తగ్గించేది ఇంకోచోట పెట్టి మధ్యలో అవెయిట్ ఉంచకూడదు.

అవెయిట్ రాయడమే మరిచిపోతే ఏమవుతుందో భాషని బట్టి మారుతుంది. జావాస్క్రిప్ట్‌లో పని మొదలవుతుంది కానీ జవాబుకి బదులు ప్రామిస్ చేతికొస్తుంది. పైథాన్‌లో ఆ ఫంక్షన్ లోపలి కోడ్ అసలు మొదలే కాదు, ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని మీరు తోసిపుచ్చుతారని నాకు తెలుసు. తోసిపుచ్చకండి.

వాతావరణం ప్రోగ్రాంని మార్చి రాశాక, అది నడుస్తుండగా వైఫై ఆపెయ్యండి. ఏ ఊరు వచ్చింది, ఏది రాలేదు, ఎన్ని సెకన్లకి చేతులెత్తేసింది, స్క్రీన్ మీద పడినదంతా ఉన్నదున్నట్టు పంపండి. ఠాకురాణి యాప్ మాత్రం ఇద్దరు చెరో ఫోన్ నుంచి ఒకేసారి నొక్కి చూశాకే నాకు చూపించండి.

మీ పెదనాన్న