చిప్పకు కన్నం ఎవరు పెట్టారు?

విజయవాడ,
కార్తీక మాసం

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి తాతయ్య ఆశీస్సులు.

సూర్యలంక సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చుకున్న చిప్పల డబ్బా మా ఇంట్లోనే మరిచిపోయారు. అందులోంచి ఇంకా ఇసుక రాలుతూనే ఉంది. మీ అమ్మమ్మ ఇప్పటికి రెండుసార్లు చీపురు పట్టింది.

వెళ్ళేముందు బుజ్జి రెండు ప్రశ్నలు వేసింది. "టీచర్ కవిత రాసుకురమ్మన్నారు, చిప్పల మీద కవితేం రాస్తాం తాతయ్యా?" అని ఒకటి. "ఈ చిప్పకు కన్నం ఎవరు పెట్టారు, దండ గుచ్చడానికా?" అని రెండోది. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోది చెప్తాను.

నా చిన్నప్పుడు మా వీధి చివర ఒక వడ్రంగి ఉండేవాడు. చెక్కకు కన్నం పెట్టాలంటే బర్మా తీసేవాడు. ముందు అరచేతిలో కాస్త ఉమ్మి రాసుకునేవాడు, తర్వాత విల్లులాంటి కర్ర ముందుకీ వెనక్కీ లాగితే బర్మా గిరగిరా తిరిగేది. బడి మానేసి మరీ చూసేవాణ్ణి. ఒకసారి బతిమాలితే నా చేతికిచ్చాడు. మొన విరగ్గొట్టాను. తిట్టలేదు కానీ, "తొందరున్నవాడికి కన్నం పడదు అబ్బాయ్" అన్నాడు.

మీ చిప్పకు కన్నం పెట్టింది కూడా అలాంటి పనివాడే, ఒక నత్త. ఉల్లిపాయలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఇసుక కిందే పాకుతూ వెళ్ళి చిప్పను పట్టుకుంటుంది. ఇదీ ముందు ఉమ్ములాంటి రసమే రాస్తుంది! ఆ రసానికి చిప్ప మెత్తబడుతుంది. అప్పుడు నాలుకతో గీకుతుంది. మళ్ళీ రసం, మళ్ళీ గీకుడు. దాని నాలుక మీద సన్నటి పళ్ళుంటాయి కాబట్టి బర్మా అనేకంటే ఆకురాయి అనాలేమో. వడ్రంగి పోలిక ఇక్కడ కాస్త కుంటింది, పోనీండి. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి అదే పని. కన్నం పడ్డాక తొండం లోపలికి దూర్చి భోంచేస్తుంది.

చిప్ప అంటే సున్నమే. వెనకటికి చిప్పల్ని కాల్చి చేసిన గుల్ల సున్నాన్నే గోడలకు వేసేవాళ్ళు, తాంబూలంలోకీ రాసుకునేవాళ్ళు. చిప్ప మీది గీతలు చూశారా? లోపలి ప్రాణి పెరిగేకొద్దీ అంచున కొత్త సున్నం చేర్చుకుంటూ పోతుంది. అంటే రెండు చిప్పలు కలిసే చోట ఉన్న ఆ బుడిపె దాని పసితనం. నత్త తరచూ కన్నం పెట్టేది ఆ పక్కనే. ఎందుకో ఈ మాట రాస్తుంటే నాకు కాసేపు కలం ఆగింది.

ఈసారి వెళ్ళినప్పుడు మాత్రం వాసన లేని, ఖాళీ చిప్పలే ఏరుకోండి. మూత బిగించుకున్న గుల్లలో ఇంటివాడు ఉన్నట్టే.

డబ్బాలో పదకొండున్నాయి, లెక్కపెట్టాను. మూడింటికి కన్నాలు. వేలితో తడమండి, పైన వెడల్పుగా, లోపల ఇరుకుగా, గరాటులా ఉంటే నత్త పనే. నాలుగోదానికి మాత్రం గుంట పడిందే గానీ కన్నం పడలేదు. నత్త పని సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. అలలు లాగేశాయో, ఇంకెవరైనా వచ్చి దాన్నే పట్టుకున్నారో!

బుజ్జీ, ఆ చిప్పను విడిగా కాగితంలో చుట్టి పెట్టాను. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. ఆ రోజు ఇసుక కింద ఏం జరిగిందో నువ్వే రాయి.

మీ
తాతయ్య