సముద్ర గడ్డి నాటితే లక్షలొస్తాయా?

నెల్లూరు వైపు రొయ్యల చెరువులు వేసి నష్టపోయిన రైతు ఒకాయన మొన్న ఫోన్ చేశారు. "సార్, సముద్ర గడ్డి నాటితే ఎకరానికి కార్బన్ క్రెడిట్లు ఎన్ని లక్షలొస్తాయి? ఏజెంటు అడ్వాన్స్ కట్టమంటున్నాడు." సముద్ర గడ్డి అంటే లోతు తక్కువ ఉప్పునీటి అడుగున పెరిగే మొక్క. గాలిలోని కార్బన్‌ను పట్టి దాచినందుకు లెక్కగట్టి అమ్ముకునే పత్రమే కార్బన్ క్రెడిట్. ఇలాంటి కాల్స్ ఎక్కువైపోయాయి. అప్పుల్లో ఉన్న మనిషి ఆశపడటంలో తప్పేముంది? నాకు కోపమంతా గడ్డి నాటితే లక్షలేనని వాట్సాప్ ఫార్వర్డ్ తయారుచేసినవాడి మీదే.

అపోహ: నాటడమే ఆలస్యం, క్రెడిట్లు అమ్ముకోవచ్చు.

వాస్తవం: కార్బన్‌లో ఎక్కువ భాగం ఉండేది ఆకులో కాదు, కింది మట్టిలో. 2012లో ఫోర్క్యూరియన్ అనే శాస్త్రవేత్త బృందం ప్రపంచంలోని సముద్ర గడ్డి మైదానాల్లో 420 నుంచి 840 కోట్ల టన్నుల సేంద్రియ కార్బన్ ఉండొచ్చని లెక్కగట్టింది. ఆ తర్వాత పరిశోధనల గాలి 'బ్లూ కార్బన్' వైపు, అంటే సముద్ర తీర మొక్కలు దాచే కార్బన్ వైపు, బలంగా వీచింది. కానీ మధ్యధరా సముద్రంలో పొసిడోనియా అనే పెద్ద జాతి గడ్డి వేర్లు వేల ఏళ్లుగా మీటర్ల మందాన పేరుకున్నాయి. ఆ అంకె పట్టుకొచ్చి మన దగ్గరి చిన్న ఆకుల జాతి హాలోఫిలాకు అంటగడితే ఎలా?

కొలవడమే పెద్ద పని. పైపును బురదలోకి దించి, పైన మూత బిగించి లాగాలి. మూత వదులైతే మట్టంతా జారిపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. ఆ మట్టిని ముక్కలు కోసి, ఆరబెట్టి, ఆమ్లం పోస్తాం. గవ్వల సున్నం ఎక్కువుంటే బుసబుసా పొంగుతుంది. అదంతా పోయాక మిగిలిందే సేంద్రియ కార్బన్. అందులోనూ సగం దాకా బయటి నుంచి కొట్టుకొచ్చిందే కావచ్చు. పైగా సున్నం ఏర్పడేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఫ్లోరిడా బేలో ఇది లెక్కను తలకిందులు చేయగలదని 2021లో తేలింది. ఇవేవీ తీసేయకుండా క్రెడిట్ లెక్కగట్టడం నీళ్లెన్నో చూడకుండా పాలకు వెలకట్టడమే.

ఇక నాటడం. 1,786 ప్రయత్నాలను సమీక్షించిన 2016 నాటి అధ్యయనంలో బతికినవి సుమారు 37 శాతం. అమెరికాలోని వర్జీనియా తీరంలో గెలిచారు నిజమే. ఏడు కోట్లకు పైగా గింజలు చల్లి, ఇరవై ఏళ్లు ఓపిక పట్టాక 3,612 హెక్టార్లు పచ్చబడ్డాయి. అక్కడ నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. తమిళనాడు, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ బేలో వెదురు చట్రాలకు కొబ్బరి తాళ్లు కట్టి, వాటికి మొక్కలు ముడేసి అడుగుకు దించుతారు. నీళ్లు మురికిగా ఉంటే ఆకుల మీద బురద పొర పేరుకుని, కొన్నాళ్లకు ఉత్త తాళ్లు మిగులుతాయి. గడ్డి ఎందుకు పోయిందో ముందు చూడాలి. మన తీరంలో చాలాచోట్ల అలల తాకిడి, కృష్ణా గోదావరుల బురద వల్ల అసలు గడ్డే పెరగదు. పులికాట్ లాంటి ఉప్పు సరస్సుల సంగతి వేరు. అన్నట్టు, సముద్రపు అడుగు ఎవరి పట్టా భూమీ కాదు. క్రెడిట్ ఎవరి పేరున వస్తుందని ఏజెంటును అడగండి, ఏమంటాడో చూద్దాం.

మిగతావి గబగబా.

సముద్ర గడ్డి నాచు కాదు. వేర్లు, పూలు, గింజలు ఉన్న మొక్క. నాచు సాగు సబ్సిడీ దీనికి రాదు.

'ప్రపంచమంతా అంతరించిపోతోంది' అన్నదీ సగం నిజమే. 1879 నుంచి తెలిసిన విస్తీర్ణంలో 29 శాతం పోయిందని 2009 అధ్యయనం చెప్పింది. యూరప్‌లో మాత్రం తరుగుదల నెమ్మదించిందని, కొన్ని జాతులు తిరిగి పెరుగుతున్నాయని 2019లో తేలింది. అసలు ఎంత ఉందో పూర్తి మ్యాపే లేదు. బహామాస్‌లో పులి సొరలకు కెమెరాలు కట్టి వెతుక్కోవాల్సి వచ్చింది!

తాబేళ్లు పెరిగితే గడ్డికి మేలేనన్నది ఇంకో నమ్మకం. లక్షద్వీప్‌లోని అగత్తి దగ్గర పచ్చ తాబేళ్లు గుంపులుగా చేరి మైదానాన్ని నున్నగా మేసేశాయి. చేపలు తగ్గాయని అక్కడి జాలర్లు తాబేళ్లను తిట్టుకున్నారు.